పై వరసకు పెడితే కింది వరస ఉచితం

వీద్ ఇస్ఫర్, గోజో
మార్చి 9

డోరియాన్ అక్కకు,

ఫిలుమెనా పెద్దమ్మ పళ్ళ డబ్బును మీ కంపెనీ పట్టుకుని కూర్చుంది. అలా పట్టుకునే ఉపాయం పన్నింది నువ్వు. క్షేమసమాచారాలు తర్వాత.

పెద్దమ్మకు పై వరస పళ్ళు పూర్తిగా పోయాయని నీకు తెలుసు. కొత్త సెట్టు కోసం నాలుగు వందల యూరోలు కూడబెట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ముందు రోజు ఆమె ఫోనులో మీ అంకెల పందెం ఆట టోంబ్లా ప్రకటన మెరిసింది. మొదటిసారి ఎంత డిపాజిట్ చేస్తే అంతే బోనస్ అని. ఆమె ఆలోచన ఎంత తిన్నగా ఉందో చూడు. పై వరస డబ్బు లోపల పెడితే కింది వరసకు వాళ్ళే ఇస్తారు. రెండూ తీసుకుని బయటికి వచ్చేయడమే. పెట్టింది. వాళ్ళూ ఇచ్చారు. తెర మీద రంగు కాగితాలు ఎగిరాయట, ఎవరో బాకా కూడా ఊదారట. తీరా తీసుకుందామని నొక్కితే, బోనస్‌కు ముప్పై అయిదు రెట్లు పందెం కాశాకే తీసుకోవాలని వచ్చింది. బోనస్ ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. ఆమె సొంత నాలుగు వందలు కూడా లోపలే ఉండిపోయాయి.

దీన్ని దోపిడీ అంటారు. కార్మికుల హాలు మేడ మీద దొరికిన కరపత్రాల్లో ఈ మాటకు పన్నెండు పేజీల వివరణ ఉంది. కావాలంటే పంపుతాను.

పళ్ళు లేకుండా పెద్దమ్మ నలుగురిలో నోరు తెరవదు. అందువల్ల క్లబ్బులో ఆదివారం టోంబ్లా ఇప్పుడు మన అధ్యక్షుడు నార్దు బాబాయి నడుపుతున్నాడు. పెద్దమ్మ సంచీలోంచి బిళ్ళ తీసి పదకొండును 'కొవ్వొత్తుల జత' అనేది, ఎనభై ఎనిమిదిని 'నార్దు కళ్ళద్దాలు' అనేది, తొంభై వస్తే 'తాత లేచాడు' అనేది. నార్దు బాబాయి పదకొండును పదకొండు అంటాడు. ఆడవాళ్ళకు విసుగొచ్చి ఇంట్లో కూర్చుని ఫోనులో ఆడుకుంటున్నారు. అక్కడ గెలిస్తే క్లబ్బులోలా టేబుల్ అందరికీ తినడానికి వేడి పస్తిజ్జీలు తెప్పించనక్కర్లేదు. టేబులే లేదు.

నా ఫోను వడ్రంగి షాపులో జిగురు డబ్బాల బీరువాలో పెట్టి తాళం వేశాను. అది మీ కొట్టుకు వీధి తలుపు. ఇకమీదట నాకేం చెప్పాలన్నా తపాలాలో చెప్పు.

పోరాటాభినందనలతో,
సల్వు

తా.క. నువ్వు బాగున్నావని తలుస్తాను.


స్లీమా
మార్చి 21

ఒరేయ్ సల్వూ,

స్టాంపు ఎక్కడ దొరుకుతుందో మా ఆఫీసులో ఒక్కరికీ తెలియలేదు. చివరికి సమాధులకు పువ్వులమ్మే ఆవిడ చెప్పింది. ఆవిడ నన్ను జాలిగా చూసింది. నాకు ఎవరో పోయారనుకుని ఉంటుంది.

నువ్వు రాసినట్టు అది పట్టుకోవడం కాదురా, షరతు. పెద్దమ్మ 'ఒప్పుకుంటున్నాను' అన్న గడిలో టిక్కు పెట్టింది. ఆ షరతే లేకపోతే అందరూ డబ్బు పెట్టి, బోనస్ తీసుకుని, ఆడకుండా వెళ్ళిపోతారు. అలాంటివాళ్ళను పసిగట్టి ఆపడానికి మా దగ్గర ఒక బృందమే ఉంది. పెద్దమ్మ ఉద్దేశం సరిగ్గా అదే కాబట్టి ఈ సంగతి నువ్వు ఎక్కడా అనకు.

ఇంకొకటి. చక్రాలు తిప్పే ఆటలో కాసిన పందెం లెక్కలోకి పూర్తిగా వస్తుంది. టోంబ్లాలో కాస్తే పదో వంతే వస్తుంది. తొందరగా తేలాలంటే టోంబ్లా మానేసి చక్రాలు తిప్పమని చెప్పు. ఇది నేను ఆమెకు కూతురిలాంటిదానిగా చెప్తున్నాను.

నా పని నువ్వనుకున్నంత పెద్దది కాదు. బోనస్ ఏ గంటకు కనపడాలి, ఏ రంగులో కనపడాలి, 'వద్దు' అన్న మాట ఎంత లేతగా ఉండాలి, అంతవరకే. ఎవరి డబ్బూ నా చేతి మీదుగా వెళ్ళదు.

అదలా ఉంచు. ఊరి చర్చి పండుగ పనులు ఎంతవరకు వచ్చాయి? ఎర్రక్లబ్బువాళ్ళు ఇంకా మనతో పోటీ పడుతూనే ఉన్నారా? ఇక్కడ బాల్కనీ నుంచి చూస్తే ఎదుట ఇంకో బాల్కనీ తప్ప ఏమీ కనపడదు. వివరంగా రాయి. ఎంత పొడుగున్నా చదువుతాను.

అక్క


వీద్ ఇస్ఫర్
ఏప్రిల్ 14

డోరియాన్ అక్కకు,

చక్రాల మాట పెద్దమ్మకు చెప్పాను. 'చక్రాలు తిప్పడానికి నేనేమైనా జూదరినా?' అంది. టోంబ్లా జూదం కాదని ఆమె నమ్మకం. షాపులో చెక్కపలక మీద లెక్క వేసి చూశాను. అతి చవక కార్డులతో, అందులోనూ పదో వంతు లెక్కన, ఆ షరతు తీరాలంటే పెద్దమ్మ నూట పదేళ్ళ దాకా ఆడాలి. అప్పటికి పళ్ళతో పని ఉండదు.

నువ్వు పండుగ గురించి అడిగావు కాబట్టి ఆ ఒక్క విషయంలో నీతో మామూలుగా మాట్లాడతాను. పుట్టిన ఊరిని అడగడం నేరం కాదు.

ఎర్రవాళ్ళు మారలేదు. వాళ్ళు చౌకులో పన్నెండు దీపగుచ్ఛాలు కడితే మనం పదమూడు కట్టాం. నిరుడు మన బాణసంచా పేలుతుంటే వాళ్ళు మిద్దె ఎక్కి శబ్దాలు లెక్కపెట్టి, ఒకటి పేలలేదని మర్నాడు బేకరీలో చెప్పుకున్నారు. నార్దు బాబాయి కొత్త జెండాకర్ర చేయించాడు. చేసింది నేనే. వాళ్ళ కర్ర కంటే సరిగ్గా ఒక చెయ్యి ఎత్తు ఎక్కువ. అంతకు మించి పెంచితే గొప్పలకు పోయినట్టుంటుంది, తక్కువైతే కనపడదు. వాళ్ళు మరుసటి వారమే తమ కర్ర కింద దిమ్మె పోశారు. చందా ఇచ్చినవాళ్ళ పేర్లు మన తలుపు మీద వరసగా ఉంటాయి కదా. ఎవరి పేరు ఎవరి పేరు కింద ఉందో చదవడానికి మనవాళ్ళు రొట్టె కొనే మిషతో రోజుకు రెండుసార్లు ఆ దారినే వెళ్తారు.

పెద్దమ్మ సంగతి నీకు కొత్తగా చెప్పాలా? ఎర్రవాళ్ళు ముందున్నారని చెవిన పడితే చాలు, కట్టుకున్న ఆప్రాన్ కూడా విప్పి చందాపెట్టెలో వేస్తుంది. మన ఊళ్ళో ఎవరికీ గెలవాలని ఉండదక్కా. అవతలివాడు గెలవకూడదని ఉంటుంది. ఇది మూఢత్వమని నాకు తెలుసు, కరపత్రం కూడా అదే అంటుంది. అయినా నీలం జెండా పైకి లేస్తుంటే నేనూ అందరితో కలిసి అరుస్తాను.

బాగా పొడుగైంది. స్టాంపులు రెండు అతికించాను.

సల్వు


స్లీమా
మే 6

సల్వూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎంత బాగా రాస్తావురా. తీరిక లేదు, కొత్త పని ఒకటి నెత్తిన పడింది. రెండు ప్రశ్నలు మాత్రం. మన నీలం ఆకాశం నీలమా, సముద్రం నీలమా? తలుపు మీద పేర్లు ఎక్కువ ఇచ్చినవాళ్ళవి పైన రాస్తారా, ముందు ఇచ్చినవాళ్ళవా?

ఈసారి పండుగకు మీ అందరికీ ఒక ఆశ్చర్యం ఉండొచ్చు. పెద్దమ్మకు ముద్దులు.

అక్క


వీద్ ఇస్ఫర్
మే 15

అక్కకు,

సముద్రం నీలం, మధ్యాహ్నం పూట. ఎక్కువ ఇచ్చినవాళ్ళవి పైన. ఎందుకు అడిగావో రాయలేదు. మన క్లబ్బుకు ఏదైనా పంపుతున్నావేమోనని పెద్దమ్మ ఊరంతా చెప్పుకుంటోంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

సల్వు


వీద్ ఇస్ఫర్
జులై 7

డోరియాన్‌కు,

అక్క అని రాయలేదు. గమనించు.

మీ ఆశ్చర్యం అందింది. పోయిన వారం నార్దు బాబాయి క్లబ్బు గోడకు పెద్ద టీవీ బిగించి అందరినీ పిలిచాడు. తెర మీద మన చౌకు. రెండు జెండాకర్రలు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. మీ కంపెనీలో డిపాజిట్ చేసేటప్పుడు ఏ క్లబ్బు మనిషో చెప్పాలట. డిపాజిట్ చేసిన ప్రతిసారీ ఆ జెండా పైకి లేస్తుంది. ఎంత లేస్తుందో తెలుసా? ఒక చెయ్యి ఎత్తు. కింద తలుపు బొమ్మ, తలుపు మీద పేర్లు, ఎక్కువ పెట్టినవాళ్ళవి పైన. పండుగనాటికి ఎవరి జెండా పైన ఉంటే వాళ్ళందరికీ రెట్టింపు బోనస్. ఆ బోనస్‌కూ ముప్పై అయిదు రెట్ల షరతు ఉంది. అది లేత బూడిదరంగులో రాసి ఉంది. ఎంత లేతగా ఉండాలో నిర్ణయించేది ఎవరో నాకు తెలుసు.

సముద్రం నీలం, మధ్యాహ్నం పూట. రంగు చాలా బాగా కుదిరింది.

నీలంవాళ్ళు ముందున్నారని రాత్రి ఎర్రవాళ్ళు పెట్టారు. ఎర్రవాళ్ళు దాటారని పొద్దున మనవాళ్ళు పెట్టారు. పెద్దమ్మ పింఛను వచ్చిన రోజే పెట్టింది. మన తలుపు మీద ఆమె పేరు మూడోది. దారిన పోయేవాళ్ళు ఆగి అభినందిస్తుంటే పెదాలు బిగించి నవ్వుతోంది. నేను వెళ్ళి ఇది మోసమని చెప్పాను. 'మూడో స్థానంలో ఉన్నదాన్ని ఇప్పుడు దిగమంటావేమిట్రా, ఆ జార్జెట్టా వాళ్ళ దాంట్లో మొదటిది' అంది. జార్జెట్టా అంటే ఎర్రక్లబ్బు అధ్యక్షుడు స్పిరు మామ అక్క.

పండుగకు మీ కంపెనీ కమిటీకి విరాళం ఇచ్చిందట. అందుకు బదులుగా వీధి స్తంభాల మీద మీ గుర్తు వెయ్యాలి. వెయ్యమని నాకు చెప్పారు. నేను కుంచె కిందపెట్టి టీవీ ప్లగ్గు పీకాను. పండుగ దాకా నన్ను క్లబ్బులోంచి వెలివేశారు. తీర్మానంలో కారణం 'కరెంటుతో అనుచిత ప్రవర్తన' అని రాశారు.

ఏప్రిల్‌లో నేను నీకు రాసిన ఉత్తరానికి జవాబు ఇదే అయితే, ఇకమీదట నాకు జవాబు రాయకు.

సల్వు


స్లీమా
జులై 25

సల్వూ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

అది ఎలా తయారైందో చెప్తాను. మార్చిలో మా మేనేజరు సమావేశం పెట్టాడు. ఉత్తర ఐరోపా మనిషి, మంచివాడు, కాఫీ తనే కలిపి ఇస్తాడు. మాల్టావాళ్ళకు బోనస్ ఎలా ఇచ్చినా ఒకసారి ఆడి వెళ్ళిపోతున్నారు, వీళ్ళు దేన్ని తట్టుకోలేరు అని అడిగాడు. గదిలో గోజో మనిషిని నేనొక్కదాన్నే. అందరూ నా వైపు చూశారు. వచ్చే నెల చెప్తానన్నాను. నీ ఉత్తరం వచ్చింది. అందులో ఒక వాక్యం వాళ్ళకు చదివి వినిపించాను: గెలవాలని కాదు, అవతలివాడు గెలవకూడదని. మేనేజరు దాన్ని బోర్డు మీద రాశాడు. ఇప్పటికీ చెరపలేదు. కింద నీ పేరు లేదు, నా పేరుంది. నాకు కేకు తెప్పించారు, సగం నీలం, సగం ఎరుపు. నేను నీలం ముక్క తిన్నాను.

మన ఊళ్ళో బాగా ఆడిందని వచ్చే ఏడు ఇంకో ఇరవై ఊళ్ళలో పెడుతున్నారు.

మొన్న తెర మీద మన ఊళ్ళో ఆడేవాళ్ళ జాబితా తెరిచాను. మాకు పేర్లు కనపడవు, నంబర్లే కనపడతాయి. అయినా ఒక నంబరు రోజూ పొద్దున చర్చిలో పూజ అయిన వెంటనే వచ్చి, చవక కార్డులు కొని, మధ్యలో చాట్‌లో 'థాంక్యూ నాన్నా, దేవుడు చల్లగా చూడాలి' అని మా యంత్రానికి రాసి వెళ్తోంది. ఎవరో నన్ను అడగనక్కర్లేదు. ఆ యంత్రం ఇచ్చే జవాబు కూడా నేను రాసిందే. అది ఆవిడకు కొత్త బోనస్ చూపిస్తుంది.

నీకు తెలియనిది ఒకటి చెప్తాను. ఆవిడ ఆడుతుంటే ముందు కరిగేది ఆవిడ సొంత డబ్బు. బోనస్ డబ్బు చివరికి మిగిలేలా చేస్తాం. చూసేవాళ్ళకు ఇంకా చాలా ఉన్నట్టే కనపడుతుంది. ఆవిడది ఇంకా పై వరసకు సరిపడా ఉంది. ఆగస్టు దాటితే ఉండదు.

బయటికి ఒక తలుపు ఉంది. చట్టం పెట్టమంది కాబట్టి పెట్టాం. 'బోనస్ వదులుకుంటాను' అన్న బటన్. అది నొక్కితే బోనస్ పోతుంది, షరతు పోతుంది, మిగిలిన సొంత డబ్బు బ్యాంకుకు వెళ్ళిపోతుంది. ఇవాళ అది ఇక్కడ ఉంది: కుడివైపు మూడు గీతలు, అందులో 'నా ప్రొఫైల్', అందులో అడుగున 'భాష', భాషల జాబితా పూర్తిగా కిందికి జరిపితే ఐస్‌లాండ్ భాష తర్వాత ఉంటుంది. ప్రతి గురువారం దాని చోటు మారుస్తారు. మార్చేది నేనే. కాబట్టి ఈ ఉత్తరం అందగానే చెయ్యి.

చదివాక పొయ్యిలో వెయ్యి. నా ఉద్యోగం సంగతి నీకు పట్టదని తెలుసు, అయినా వెయ్యి.

డోరియాన్


వీద్ ఇస్ఫర్
ఆగస్టు 4

అక్కకు,

ఉత్తరం పొయ్యిలో వెయ్యలేదు. పెద్దమ్మ పొయ్యి గ్యాసుది.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం అందింది. పెద్దమ్మను కూర్చోబెట్టి, ఫోను ముట్టనన్న ఒట్టు పక్కన పెట్టి, ఆమె ఫోను నా చేత్తో తెరిచాను. మూడు గీతలు, ప్రొఫైల్, భాష, ఐస్‌లాండ్ దాకా వెళ్ళాను. ఐస్‌లాండ్ తర్వాత ఏమీ లేదు. గురువారం నీ పని నువ్వు చక్కగా చేశావు.

ఎంత తిట్టాలో అంతా ఆ రాత్రే ఇంకో కాగితం మీద రాశాను. ఏడు పేజీలు. అది పంపడం లేదు, ఎందుకంటే మూడో పేజీలో ఒకచోట ఆగిపోయాను. ఆ ఒక చెయ్యి ఎత్తు జెండాకర్ర నేను చెక్కిందే, ఆ వాక్యం నేను రాసిందే. నువ్వు అడిగావు, నేను పొంగిపోయి చెప్పాను. కాబట్టి దాన్ని దించే పని నాక్కూడా ఉంది.

మొన్న ఎర్రక్లబ్బుకు వెళ్ళాను. పుట్టాక మొదటిసారి. గడప దాటగానే బిలియర్డ్స్ ఆగిపోయింది. స్పిరు మామ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"దారి తప్పావా నాయనా? మీది ఎదురు తలుపు."

"అక్కడ వెలివేశారు మామా."

"తెలుసు. కరెంటుతో అనుచిత ప్రవర్తన. మేం ఆ రోజు ఇక్కడ కిన్నీ సోడా సీసాలు తెరిచాం."

నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను, నీ పేరు తప్ప. ఆయన నన్ను తన అక్క జార్జెట్టా ఇంటికి తీసుకెళ్ళాడు. ముందుగదిలో వాళ్ళ నాన్న గోడ గడియారం ఉండేది కదా, ఊళ్ళోకెల్లా పెద్దది. దాని చోట ఇప్పుడు మేకు మాత్రమే ఉంది. ఆవిడ బాగుచేయించడానికి ఇచ్చానంది. స్పిరు మామ ఆ మేకుకు తన టోపీ తగిలించి కూర్చున్నాడు.

బయటికి వచ్చాక, ఆపాల్సిందే అన్నాడు. అయితే ముందు మీరు ఆపండి అన్నాడు. మేం ఆపితే మీ జెండా పైన ఉండిపోతుంది కదా, ముందు మీరు ఆపండి అన్నాను. అక్కా, నేనే అన్నాను ఈ మాట. జేబులో కరపత్రం పెట్టుకుని మరీ అన్నాను. చౌకు మధ్యలో నిలబడి చీకటి పడేదాకా ఇద్దరం ఒకరికొకరం ఆ గౌరవం ఇచ్చుకుంటూనే ఉన్నాం. ఆయన నన్ను 'చూడు అల్లుడూ' అనే దాకా వచ్చాడు, అయినా ముందు ఆపుతానని మాత్రం అనలేదు.

తేల్చింది పెద్దమ్మ. తన ఇంటి కిటికీలోంచి అంతా విన్నదట. తలుపు తీసి, విసనకర్ర నోటికి అడ్డం పెట్టుకుని, స్పిరు మామను రమ్మంది. నలభై ఏళ్ళుగా ఆయనతో మాట్లాడనిది.

"ఎవరూ ముందు ఆపొద్దు. టోంబ్లా పెట్టండి, రెండు క్లబ్బులకీ ఒకటే. అందరూ ఫోన్లు తెచ్చుకోండి. బిళ్ళలు నేను తీస్తాను. తాత లేచాడు అన్నప్పుడు అందరూ ఆ బోనస్ వదులుకునే బటన్ ఒక్కసారే నొక్కండి."

స్పిరు మామ, విసనకర్ర వెనకనుంచి పిలిస్తే వినపడుతుందా అని అడిగాడు. పెద్దమ్మ విసనకర్ర దించింది. ఆయన ఎదుటే దించింది.

"ఇప్పుడు వినపడిందా, స్పిరూ?" అంది.

వినపడిందన్నాడు.

నార్దు బాబాయి ఒప్పుకోడానికి ఇంకో రోజు పట్టింది. బల్ల ఎటువైపు జరిగి ఉంటుందనేది ఆయన బెంగ. నేనే కొలిచాను. చౌకుకు సరిగ్గా నడిమధ్య, చర్చి మెట్ల ఎదుట. బల్లలో సగం మనది, సగం వాళ్ళది, తాడు పట్టి చూశాను. పస్తిజ్జీలు రెండు బేకరీల నుంచీ వస్తాయి. మీ గుర్తు వెయ్యాల్సిన స్తంభాలకు నేను ఉత్త తెలుపు వేశాను. కమిటీ ఇంకా చూడలేదు.

ఇక నీ సంగతి. ఆ బటన్ మళ్ళీ గురువారం చోటు మారుతుంది. ఏ ఉత్తరమూ దానికంటే ముందు రాలేదు. తాత లేచేసరికి అది ఎక్కడుందో చెప్పగలిగిన మనిషి ఈ దీవుల్లో ఒక్కతే ఉంది. ఆ మనిషి ఉద్యోగం సంగతి నాకు పట్టదని రాశావు. పడుతుంది. పట్టినా రమ్మంటున్నాను. వచ్చే ఏడు ఇరవై ఊళ్ళన్నావు. ఆ ఇరవై ఊళ్ళలోనూ ఒక్కొక్క మేకు ఉంటుంది.

ఎవరు చెప్పారని ఎవరూ అడగరు. ఇటు నలభై మంది, అటు నలభై మంది, అందరికీ మన ఇంటి పేరు తెలుసు, ఎవరూ అడగరు. నువ్వు పెద్దమ్మ పక్కన కూర్చుని ఆమె ఫోనులో ఒక్కసారి చూపిస్తే చాలు. చూసి పక్కవాళ్ళకు చూపించుకుంటూ పోతారు. రొట్టె కొనే మిషతో జాబితాలు చదివినవాళ్ళకు ఇదొక పని కాదు.

పెద్దమ్మ కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించింది. దాని మీద తన చేతిసంచీ పెట్టి ఎవరినీ కూర్చోనివ్వనంటోంది. ఎవరి కోసమని స్పిరు మామ అడిగితే, 'సముద్రం నీలం ఎరిగిన మనిషి కోసం' అంది. ఆమెకు ఎప్పటినుంచి తెలుసో నాకు తెలియదు.

ఆగస్టు పదమూడు, ఆదివారం. చిర్కెవ్వా నుంచి నాలుగున్నర పడవ ఎక్కు. చర్చి మెట్ల ఎదుట, రెండు జెండాల మధ్య, సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు. నీ ఫోను తెచ్చుకో, నాది కూడా బీరువాలోంచి తీస్తున్నాను. నీలంవాళ్ళూ, ఎర్రవాళ్ళూ, నువ్వూ. ఆరు గంటలకు.

సల్వు